ఎవర్నడిగి క్షమించినట్లు?

మా చిన్నాయన కూత పెడితే కుందూ గట్టు మీద గొడ్లు కాసే పిల్లోళ్లు ఉరికొచ్చేవాళ్లు. కోయిలకుంట్ల మాదిగ్గేరి నుంచి తాలూకా కబడ్డీ జట్టుకు ఆడిన మొదటోడు ఆయన. ఆ ఒడుపు చూసి ఒక ఫ్యాక్షన్ నాయకుడు వెంట తిప్పుకున్నాడు. రెండు పూటలా కూడు, చేతికొక వేటకొడవలి. ఒక రాత్రి ఎదుటి వర్గం జీతగాణ్ని నరికినారు. చచ్చినోడూ మాదిగోడే. నాయకుని మీద కేసు నిలవలేదు. చిన్నాయనకు యావజ్జీవం పడింది.

కడప సెంట్రల్ జైల్లో అక్షరాలు నేర్చుకొని బైబిలు పట్టినాడు. బయటికొచ్చినాక నన్నడిగినాడు: "అబ్బీ, మీ బడి పిల్లోళ్లకు కబడ్డీ నేర్పుతా. జీతమొద్దు."

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. అందుకే నన్నడిగినాడు. నాకా రాత్రి నిద్ర పట్టలేదు.

1992లో బాక్సర్ మైక్ టైసన్‌కు 18 ఏళ్ల నల్లజాతి అమ్మాయిపై అత్యాచారం కేసులో శిక్ష పడింది. జైల్లో ఇస్లాం తీసుకున్నాడు. 1995లో విడుదలై ఆ ఏడాదే మళ్లీ రింగులో దిగి కోట్ల డాలర్లు తీసుకున్నాడు. ఆ భక్తి నిజమా, నాటకమా? ఒకరి గుండెలో దేవుణ్ని తూచే తక్కెడ నాకాడ లేదు. నన్ను కుదురుగా ఉండనీయంది వేరే. రెండో అవకాశం ఇచ్చిందెవరు? టికెట్లు అమ్మినోళ్లు, కొన్నోళ్లు. అందులో ఆ అమ్మాయి చేతిలో ఏముంది?

మన హైదరాబాదు అజారుద్దీన్ జైలుకు పోలేదు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద 2000లో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2009లో మొరాదాబాద్ నుంచి ఎంపీ అయినాడు. 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. ఆయనకు కోర్టు ఉండె, పార్టీ ఉండె. చిన్నాయనకు బైబిలొక్కటే. కొడవలిచ్చి పంపినాయనకైతే అదీ అక్కర్లేకపోయె. ఇప్పటికీ ఆయనొస్తే అరుగు మీదోళ్లు లేచి నిలబడతారు. మారాల్సిందీ, మారినానని రుజువు చేసుకోవాల్సిందీ మావోడొక్కడేనా?

ఆ కోపంతోనే సరే అనబోయినా. కానీ చచ్చినాయన మనవడు నా ఎనిమిదో తరగతిలోనే ఉండాడు. వాళ్లవ్వ కాడికి పోయినా. శనగలు చెరుగుతాండాది. అంతా విని చాట పక్కన పెట్టింది.

"వాని దేవుడు మాఫీ చేసినాడా? మంచిది. నా మొగుణ్ని దేవుని ఇంట్లో నరకలేదు నాయనా, ఈ వాకిట్లో నరికినారు. ఈడికొకసారి రమ్మను."

"వస్తే క్షమిస్తావా అవ్వా?"

"రానీ ముందు."

శిక్ష అయిపోయినోనికి కూలి, కూడు, ఊర్లో చోటు ఎవర్నీ అడక్కుండానే దక్కాల. పిల్లల ముందర గురువుగా నిలబడేది మాత్రం అట్ల కాదనిపిస్తాది నాకు. అయినా మనిషిని గేటు బయట నిలబెట్టడమంటే ఏందో మా కులానికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

అవ్వ మాట చెబితే చిన్నాయన చానాసేపు పలకలేదు. "జైలుకు భయపడలేదు అబ్బీ. ఆ వాకిలంటే భయం" అన్నాడు.

రెండు నెలలాయె. రోజూ సాయంత్రం వచ్చి బడి గోడవతల కూచుంటాడు. లోపల అవ్వ మనవడు కూత పెడతాంటే ఈయన పెదాలు కదుల్తాంటాయి. వాకిటికింకా పోలేదు. నేనింకా లోపలికి రమ్మనలేదు.