పెంచే చేతులకూ ఆసరా

అనాథ బిడ్డకు ఒక పూట అన్నం పెట్టడం దానం. ఆ బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడేదాకా నెలనెలా ఖర్చు భరించడం పోషకత్వం. దానినే నేటి వాడుకలో స్పాన్సర్‌షిప్ అంటున్నారు. మొదటిది ఆ పూట ఆకలి తీరుస్తుంది. రెండోది రేపటి మీద భరోసా ఇస్తుంది, బిడ్డను సాకుతున్నవారి భుజం మీది బరువు కూడా కొంత దించుతుంది.

ఫలం ఆశించకుండా, ఇవ్వడం తన విధి అనుకొని, తగిన చోట, తగిన వేళ, తగినవారికి ఇచ్చేదే సాత్విక దానమని భగవద్గీత పదిహేడో అధ్యాయం బోధిస్తుంది. అనాథల సొమ్ము జోలికి పోరాదని ఖురాన్ గట్టిగా హెచ్చరిస్తుంది. బైబిల్‌లోని యాకోబు పత్రిక నిజమైన భక్తికి గుర్తుగా అనాథల సేవను, వితంతువుల సేవను కలిపే చెబుతుంది. తండ్రి పోయిన ఇంట్లో బిడ్డ కష్టం, తల్లి కష్టం వేరు కావన్న ఎరుక అందులో ఉంది.

పెంపకం విలువను మహాభారతం కర్ణుడి కథలో చూపింది. కుంతి నదిలో విడిచిన పసివాణ్ణి అధిరథుడు, రాధ తమ బిడ్డగా సాకారు. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు జన్మరహస్యం విప్పి, పాండవాగ్రజుడిగా రాజ్యమేలమన్నప్పుడు కర్ణుడు ముందుగా తలచుకున్నది ఆ పెంచిన దంపతులనే. వారి ప్రేమను కాదని రాలేనన్నాడు. సింహాసనం సైతం పెంచిన తల్లి రుణం ముందు చిన్నబోయింది.

ఆ రుణాన్ని సమాజం పంచుకునే మార్గాలకు ఢిల్లీలోని ముఖర్జీ నగర్ పరిసరాలు సాక్ష్యం. సివిల్స్ శిక్షణ కేంద్రాల పేటగా పేరుపడిన ఈ ప్రాంతాన్ని ఆనుకొని కింగ్స్‌వే క్యాంప్ ఉంది. 1947 దేశ విభజన వేళ ఢిల్లీలోకెల్లా పెద్ద శరణార్థి శిబిరం వెలసింది అక్కడే. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన దాదాపు 3 లక్షల మంది అక్కడ తలదాచుకున్నారు. ఇప్పుడు అక్కడి సేవా కుటీర్ ప్రాంగణం దిక్కులేని పిల్లల విచారణలకు, వసతికి నెలవు. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం, సంరక్షణ అవసరమైన బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితి బిడ్డ ఎక్కడ, ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయంలో కుటుంబానికే తొలి స్థానం. వసతి గృహాన్ని చివరి మార్గంగానే చట్టం చూస్తుంది. అమ్మమ్మో, మేనమామో, పిన్నో సాకడానికి ముందుకొస్తే బిడ్డ అక్కడే పెరగడం మేలు. అయితే మనసున్న చోట డబ్బు ఉండకపోవచ్చు. చట్టంలోని 45వ సెక్షన్ ఈ లోటు పూడ్చడానికే స్పాన్సర్‌షిప్‌ను ఏర్పరచింది. బంధువుల ఇంట పెరిగే అనాథలు, భర్త పోయిన లేదా భర్త విడిచిన తల్లుల పిల్లలు, ప్రాణాంతక వ్యాధి సోకినవారి పిల్లలు, ప్రమాదంలో అశక్తులైనవారి పిల్లలు దీనికి అర్హులు. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 అందుతుంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో రూ.72,000, ఇతర ప్రాంతాల్లో రూ.96,000 మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.

బంధువులెవరూ లేని పిల్లలకు ఇంటి వాతావరణం కల్పించిన సంస్థల్లో ఎస్‌ఓఎస్ బాలల గ్రామాలు ముఖ్యమైనవి. రెండో ప్రపంచ యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం హెర్మన్ గ్మైనర్ 1949లో ఆస్ట్రియాలోని ఇమ్‌స్ట్‌లో ఈ పని ప్రారంభించాడు. భారతదేశంలో తొలి గ్రామం 1964లో ఢిల్లీ పక్కనే ఫరీదాబాద్ గ్రీన్‌ఫీల్డ్స్‌లో వెలసింది. తర్వాత ఈ సంస్థ ఢిల్లీ బవానా, హైదరాబాద్, విశాఖ దగ్గరి భీమునిపట్నం వంటి చోట్ల విస్తరించింది. ఒక్కో ఇంటికి ఒక అమ్మ ఉంటుంది. తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయరు. దాతల సొమ్ము పిల్లల తిండికీ బడికీ వైద్యానికీ వెళ్తుంది, ఆ అమ్మల జీతభత్యాలకూ తోడ్పడుతుంది.

తెలుగువారికి ఈ సేవ కొత్త కాదు. విశాఖలో 1930లో మొదలైన ప్రేమ సమాజం అనాథలను అక్కున చేర్చుకుంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం బాలమందిరం నడుపుతోంది. అక్కడి పిల్లల వసతికి, చదువుకు భక్తులు విరాళాలిస్తారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఢిల్లీలో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, స్త్రీ శిశు సేవ చేసే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ నిధులు అందే దారి వేసింది.

పోషకుడికి కొన్ని నియమాలున్నాయి. మొదటిది నిలకడ. మధ్యలో ఆగిన సాయం బడి మానిపిస్తుంది, పెంచేవారిని అప్పుల పాలు చేస్తుంది. రెండోది గోప్యత. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. గుప్తదానాన్ని గొప్పదిగా ఎంచిన పెద్దల మాట కూడా ఇదే దారి చూపుతుంది. మూడోది వివేకం. పిల్లల గృహానికి 41వ సెక్షన్ కింద నమోదు ఉందో లేదో, లెక్కలు సరిగా చూపుతున్నారో లేదో తెలుసుకున్నాకే ఇవ్వాలి. నాలుగోది ఓర్పు. పద్దెనిమిదేళ్లు నిండగానే బిడ్డ అవసరాలు తీరిపోవు. అందుకే చట్టం 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణకు చోటిచ్చింది.

పెంచేవారిని మరిస్తే ఈ సేవ సగమే అవుతుంది. రాత్రంతా జ్వరం కాసిన బిడ్డ పక్కన కూర్చునే ఆయాకు సరైన జీతం, వారానికొక సెలవు కావాలి. మనవడి కోసం కూలి మానుకున్న అమ్మమ్మకు మందులు కావాలి. వాళ్లు నిబ్బరంగా ఉంటేనే బిడ్డ నిశ్చింతగా ఉంటుంది.

దిక్కులేని బిడ్డ ఎదురైతే బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి. పుట్టినరోజుకో, వర్ధంతికో ఒక పూట అన్నదానం చేసే కుటుంబాలు దాన్ని ఏడాది పొడవునా సాగే పోషణగా మార్చుకోవాలి. ఇచ్చే ముందు బిడ్డకేం కావాలని అడిగినట్టే, ఆ బిడ్డను పెంచుతున్నవారికేం కావాలనీ అడగాలి.