నవ్వించే బొమ్మల్లో రసాయనం



రసాయనశాస్త్రంలో కంటికి కనిపించేది తక్కువ. రంగు మారడం, బుడగలు రావడం, గిన్నె వేడెక్కడం బయటికి తెలుస్తాయి. లోపల పరమాణువులు ఏం చేశాయో ఊహించుకోవలసిందే. ఆ ఊహకు బొమ్మ ఊతమిస్తుంది, హాస్యం దాన్ని మనసులో నిలుపుతుంది. కాబట్టి బొమ్మల పుస్తకం పట్టుకుని రసాయనం నేర్చుకోవడం చిన్నతనమేమీ కాదు. ఇంటర్మీడియట్‌కు వచ్చిన పిల్లలు అలాంటి పుస్తకాన్ని గైడు చాటున దాచుకుని చదవనక్కర్లేదు.

ఈ కోవలో పేరున్నది లారీ గోనిక్, క్రెయిగ్ క్రిడిల్ కలిసి తయారుచేసిన ‘కార్టూన్ గైడ్ టు కెమిస్ట్రీ’. 2005లో వచ్చింది. గోనిక్ హార్వర్డ్‌లో గణితం చదివి కార్టూన్లు వేయడంలో స్థిరపడ్డవాడు. క్రిడిల్ స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా పనిచేసినవాడు. పుస్తకం నిప్పుతో మొదలై, పరమాణు నిర్మాణం, బంధాలు, ద్రావణాలు, ఆమ్లాల మీదుగా కర్బన రసాయనం దాకా నడుస్తుంది. లెక్కలను దాటవేయదు, అందుకే అది పాఠ్యపుస్తకం పక్కన నిలబడగలుగుతోంది. అంతకు చాలా ముందే మాస్కోలోని మీర్ ప్రచురణాలయం వ్లాసోవ్, త్రిఫొనోవ్‌లు రాసిన 107 రసాయన కథలను సరదా బొమ్మలతో ఇంగ్లీషులో వేసింది. సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన కాలమది.

అంత దూరం వెళ్లకపోయినా, మన తెనాలి వాళ్లకు బొమ్మ విలువ ఒకరు చెప్పనవసరం లేదు. 1947లో పిల్లల బొమ్మల పత్రిక ‘చందమామ’ను ప్రారంభించినవారిలో చక్రపాణిది ఆ ఊరే. 1980లో కన్నుమూసేదాకా దశాబ్దాలపాటు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ అక్కడే. ఆయన భౌతికశాస్త్రం చదివినవాడు. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ అణుశాస్త్రజ్ఞుడై, సైన్సును సులువైన తెలుగులో రాశాడు. కథైనా శాస్త్రమైనా చదివేవాడికి తేటగా అందాలన్న పట్టుదల ఆ ఇంట రెండు తరాలు సాగింది. ఇప్పుడు జన విజ్ఞాన వేదిక నడిపే ‘చెకుముకి’ పత్రిక ఆ పనే చేస్తోంది.

అయితే బొమ్మను చూసి నవ్వడంతో చదువు పూర్తి కాదు. 1806 నాటి జేన్ మార్సెట్ పుస్తకం ‘కాన్వర్సేషన్స్ ఆన్ కెమిస్ట్రీ’ని లండన్‌లో బైండింగ్ పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు చదివాడు. ఒక టీచరమ్మ, ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకుంటున్నట్టు సాగే పుస్తకమది. చెప్పిన తీరు బాగుందని మురిసిపోయి ఊరుకోకుండా, తన చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో వీలైన ప్రయోగాలు చేసి, అందులోని మాటలు నిజమో కాదో సరిచూసుకున్నాడు. ఆ కుర్రాడే మైకేల్ ఫారడే. సులువైన పుస్తకం చదివేవారు నేర్చుకోవలసిన నిజాయితీ అది.

ఉదాహరణకు ఉప్పు సంగతే చూద్దాం. చినగంజాం తీరంలో మడులు కట్టి పండించే ఉప్పును కార్టూన్ పుస్తకాలు దాదాపు ఒకే తీరున బొమ్మకడతాయి: సోడియం తన ఎలక్ట్రాన్‌ను దానకర్ణుడిలా ఇచ్చేస్తుంది, క్లోరిన్ ఆశగా అందుకుంటుంది, రెండూ జంటగా నిలబడతాయి. ఇది గుర్తుండిపోతుంది, కాని ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాగాలంటే 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. వాటిని క్లోరిన్ తీసుకున్నప్పుడు తిరిగి వచ్చేది 349. ఇంకా 147 లోటు. ఆ లోటు తీర్చేది స్ఫటికం: వేరువేరుగా ఉన్న అయాన్లు దగ్గరికి చేరి జాలకంగా పేరుకున్నప్పుడు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. దానగుణం వల్ల ఉప్పు ఏర్పడలేదు; శక్తి లెక్క అలా కుదిరింది. రెండోది, ఉప్పు స్ఫటికంలో జంటలే లేవు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు ఉంటాయి. బొమ్మ ఎక్కడిదాకా నిజమో, ఎక్కడ ఆగిపోతుందో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకునే విద్యార్థికి ఆ పుస్తకం పూర్తిగా పనికొస్తుంది.

అంతకన్నా గట్టి పరీక్ష, సొంతంగా ఒక కార్టూన్ వేయడం. దానికి మన దగ్గరి చౌడు నేలలనే తీసుకోవచ్చు. రేపల్లె, నిజాంపట్నం వైపు సముద్రం దగ్గరి పొలాల్లో చౌడు రైతులకు పాత బాధ. బాపట్లలో ఉప్పునీళ్లు, చౌడు నేలల మీద పరిశోధన ఏళ్ల తరబడి సాగుతోంది. పాలచౌడైతే మంచినీళ్లు నిలగట్టి మురుగు కాలువలోకి వదిలితే ఉప్పు కొట్టుకుపోతుంది. కారుచౌడుకు అది చాలదు, అక్కడ సోడియం మట్టి రేణువులనే అంటుకుని ఉంటుంది. అప్పుడు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు, చల్లుతారు. దాన్ని బొమ్మగా వేయాలంటే తెనాలి–రేపల్లె ప్యాసింజరు బెంచీ చాలు: రెండు సోడియాలు కూర్చున్న చోటికి రెండు ఆవేశాల కాల్షియం ఎక్కి, ఆ రెండింటినీ లేపి తానొక్కటే కూర్చుంటుంది. లేచిన సోడియం సల్ఫేటుతో కలిసి నీటిలో కరుగుతుంది. నీళ్లు పెట్టి బయటికి తీసేస్తేనే పని ముగుస్తుంది. మురుగు పారకపోతే అది పొలంలోనే ఉండిపోతుంది. బొమ్మ వేశాక లెక్క కూడా కట్టాలి. 172 గ్రాముల జిప్సం 46 గ్రాముల సోడియాన్ని లేపగలదు. ఒకటికి రెండు అన్నది బొమ్మలోనే ఉంది, బరువులు మాత్రం సమీకరణం రాస్తేనే వస్తాయి. ఈ రెండూ చేయగలిగిన అమ్మాయికి అయాన్ మార్పిడి పాఠం బట్టీపట్టే అవసరం రాదు.

చివరిగా ఒక జాగ్రత్త. కార్టూన్‌లో గాజుకుప్పె పేలితే పాత్రధారి జుట్టు కాలుతుంది, తర్వాతి గడిలో మళ్లీ మొలుస్తుంది. పొగ, మంట, పేలుడు నవ్వు కోసం గీసిన చోట ఏ ప్రయోగాన్నీ అధ్యాపకుడు పక్కన లేకుండా చేయకూడదు. ప్రమాదం జరగడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. బ్లీచింగ్ పౌడరు మీద బాత్రూం కడిగే యాసిడ్ పడితే వెలువడేది క్లోరిన్ వాయువు. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణమే తీయవచ్చు. ఆ రెండు డబ్బాలూ ఇంట్లో ఒకే అరలో ఉంటే ఇవాళే వేరుచేసి పెట్టాలి, అమ్మకు కూడా కారణం చెప్పాలి.


తాతయ్య
బాపట్ల