గానుగ పాక ఇల్లయినప్పుడు

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు తమ్ముడు నా చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి, కొనేవాళ్ళకి చూపించటానికి మధ్యవర్తి రాయించిన వివరాలు. "చోడవరానికి దగ్గర్లో, పొలాల మధ్య, కుటుంబానికి అనువైన ఇల్లు అమ్మబడును. పూర్వం వ్యవసాయ కట్టడం. గట్టి తాటి దూలాలు, బోరు, కొబ్బరి చెట్లు, ప్రశాంత వాతావరణం." రెండోది, ఆ ఇంటి మీద నా హక్కు వదులుకుంటున్నట్టు నేను సంతకం పెట్టాల్సిన విడుదల దస్తావేజు. అందులో "ఇష్టపూర్వకంగా" అనే మాట మూడుసార్లు ఉంది. ఒక మనిషి ఇష్టాన్ని వేరేవాళ్ళు మూడుసార్లు రాసిపెట్టాల్సి వచ్చిందంటే, ఆ ఇష్టం గురించి కాస్త ఆలోచించాల్సిందే కదా!

"నీ చదువుకి పెట్టాం కదక్కా" అన్నాడు తమ్ముడు. వాడి చదువుకీ పెట్టారు. కానీ అది పెట్టుబడి, నాది ఖర్చు.

అమ్మకానికి వచ్చిన ఆ ఇల్లు ఒకప్పుడు మా గానుగ పాక. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలోనూ, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న మా ప్రాంతంలో చెరకు అంటే పంట మాత్రమే కాదు, బతుకు లెక్క. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అనకాపల్లిలో ఉంది. గోవాడలో సహకార చక్కెర కర్మాగారం ఉంది. ఫ్యాక్టరీకి తోలని చెరకుని రైతులు పొలంలోనే ఆడించి బెల్లం వండేవాళ్ళు. మా పాకలో ఒక మూల ఇంజను గానుగ, మధ్యలో పెనం, బయట పిప్పి ఆరబెట్టే కళ్ళం ఉండేవి. రసం మరిగించటం, మడ్డి తీయటం, పాకం చూడటం మగవాళ్ళ పని. దానికి "పనితనం" అని పేరు. చెరకు మోపులు మొయ్యటం, పిప్పి ఎండబెట్టటం, ఎండిన పిప్పిని మళ్ళీ పొయ్యి దగ్గరికి చేర్చటం ఆడవాళ్ళ పని. దానికి పేరు లేదు. ఆ పిప్పి ఎండకపోతే పెనం కింద మంట లేదు, మంట లేకపోతే పాకమూ లేదు. అయినా పాకం చూసినవాడిదే గొప్ప.

నేను ఏడో తరగతిలో ఉండగా బెల్లం వండటం ఆపేశారు. ఊళ్ళో ఇల్లు పాతబడి కూలిపోవటంతో నాన్న పాకకి గోడలు లేపి, గదులు తీయించి, మమ్మల్ని అక్కడికి మార్చాడు. పెనం ఉన్నచోట వంటగది వచ్చింది. అప్పట్లో అది నాకు తమాషాగా ఉండేది. పెనం చిన్నదయింది, అంతే అనుకునేదాన్ని. దాంతోపాటు మరేదో కూడా మారిందని తెలియటానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముందు చట్టం సంగతి చూద్దాం. నాన్న పోయి మూడేళ్ళయింది. వీలునామా లేదు. ఆస్తి పిత్రార్జితం. మేమిద్దరమే పిల్లలం. 1956 హిందూ వారసత్వ చట్టం మొదట్లో ఉన్న రూపంలో అయితే నాన్నకీ తమ్ముడికీ చెరి సగం, నాన్న సగంలో అమ్మకీ మా ఇద్దరికీ సమానంగా వాటాలు. అంటే అమ్మకి ఆరింట ఒక వంతు, నాకు ఆరింట ఒక వంతు, మిగిలినదంతా తమ్ముడిది. 1985లో ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళని కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కుదారుల్ని చేసింది. 2005లో కేంద్ర సవరణ ఆ పెళ్ళి అడ్డు తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు హక్కేనని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో చెప్పింది. ఈ విజయాల వెనక ఎంతమంది స్త్రీల పోరాటం ఉందో మనకి తెలుసు. పొలంలో స్త్రీకి స్వతంత్రమైన హక్కు లేకపోతే ఆమెకి బేరమాడే శక్తి ఉండదని బీనా అగర్వాల్ 1994లో 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్'లో విస్తారంగా చర్చించింది. ఆ వాదనని ప్రశ్నించే ఉద్దేశం నాకు లేదు.

కానీ కాగితం మీద లెక్క వేసుకున్నప్పుడు చెయ్యి ఆగిపోయింది. కొత్త చట్టం ప్రకారం నాన్నకీ నాకూ తమ్ముడికీ తలా మూడో వంతు. నాన్న మూడో వంతు మళ్ళీ ముగ్గురికి. అంటే నాకు తొమ్మిదింట నాలుగు, తమ్ముడికి తొమ్మిదింట నాలుగు, అమ్మకి తొమ్మిదింట ఒకటి. నా వాటా ఆరింట ఒకటి నుంచి అక్కడికి పెరిగిన దారిలోనే అమ్మ వాటా ఆరింట ఒకటి నుంచి తొమ్మిదింట ఒకటికి దిగిపోయింది. పదిహేడేళ్ళకి హాస్టల్‌కి వెళ్ళి, పండగలకి మాత్రం వచ్చిపోయిన నాకు, ఆ ఇంట్లో అడుగడుగూ తుడిచిన అమ్మకన్నా నాలుగు రెట్లు! పుట్టుకతో వచ్చిన హక్కు కోడలిగా వచ్చిన మనిషికి ఎలా వస్తుంది? చట్టం రక్తాన్ని చూసింది. చాకిరీని చూడలేదు.

చాకిరీని చూసే తత్వశాస్త్రం లేదా అంటే ఉంది. పదిహేడో శతాబ్దంలో జాన్ లాక్, మనిషి తన శ్రమని దేనికి కలిపితే అది అతనిదవుతుందని వాదించాడు. వినటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. అయితే అదే చోట, తన సేవకుడు కోసిన పచ్చికని కూడా తన సొంతం కిందే లెక్కేస్తాడు. శ్రమ సేవకుడిది, ఫలితం యజమానిది. ఈ చిన్న మెలికలో ఎన్ని జీవితాలు జారిపోయాయో! లాక్ చెప్పిన సేవకుడికి కనీసం ఒక ప్రస్తావన దక్కింది. భార్య శ్రమ అతనికి ఉదాహరణగా కూడా తట్టలేదు.

నాన్న లెక్కల పుస్తకాలు అటక మీద దొరికాయి. పాక నడిచిన రోజుల్లోవి. మగవాళ్ళ పేర్లు వరసగా రాసి ఉన్నాయి. ఆడవాళ్ళు మాత్రం "ఆడాళ్ళు - 6" అని అంకెగా ఉన్నారు. కూలి కూడా రెండు రకాలు. దేశంలో సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, మా పాక గుమ్మం మాత్రం దాటలేదు. ఇక అమ్మ అంకెగా కూడా లేదు. ఆ ఆరుగురికీ మధ్యాహ్నం అంబలి పోసిందీ, రాత్రి పెనం దగ్గర కాపలా ఉన్నదీ ఆమే.

అమ్మని అడిగాను, ఇల్లు అమ్మటం నీకిష్టమేనా అని. ఆమె బాధపడుతుందనీ, నేను ఆమె తరఫున నిలబడాలనీ మనసులో సిద్ధమైపోయి ఉన్నాను. ఆమె తేలిగ్గా నవ్వింది. "అమ్మేయండి. పాకగా ఉన్నప్పుడే నయం. పని అయిపోయాక ఊళ్ళో ఇంటికి వచ్చేసేదాన్ని. పాక ఇల్లయ్యాక పొద్దుగూకినా పని అవలేదు. నాకు ఆస్పత్రికి దగ్గర్లో రెండు గదులు చాలు."

నాకు తెలియకుండా మారినదేమిటో అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. పాక పని చేసే చోటు. అక్కడ చేసింది తక్కువగానైనా లెక్కకి వస్తుంది. ఇల్లు అనగానే అదే పని ప్రేమ అయిపోతుంది. పశువుల్ని చూడటం, ధాన్యం కాయటం, వచ్చినవాళ్ళకి వండటం అన్నీ అలాగే ఉన్నాయి, పుస్తకం మాత్రం మూతపడింది. "ప్రశాంత వాతావరణం" అని మధ్యవర్తి రాసింది ఆ మూతపడిన పుస్తకం గురించేనేమో. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలికీ అలికీ తన పేరు మరిచిపోతుంది. ఆ కథ చదివిన ప్రతిసారీ అమ్మ గుర్తొచ్చేది. ఈసారి ఇంకొకరు గుర్తొచ్చారు.

ఆ "ఆరు"లో ఒకామె ఇంకా ఉంది. మాల కులం. నాకు నాయనమ్మ వయసు. చిన్నప్పుడు మేము ఆమెని పేరు పెట్టి, "ఏవే" అని పిలిచేవాళ్ళం. ఇప్పుడు ఆమె పేరు ఇక్కడ రాయటం లేదు, ఎందుకంటే రాయనా అని ఆమెని అడగలేదు. పాకకి గోడలు లేపినప్పుడు మట్టి తొక్కింది ఆమే. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' మీద నేను తరగతిలో పాఠం చెప్పాను. స్త్రీలందరి అణచివేత ఒకటి కాదని పిల్లలకి వివరించాను. ఆ వాక్యం మా ఇంటి పునాదిలోనే ఉందని మాత్రం దస్తావేజు చేతికి వచ్చేదాకా తట్టలేదు. కూతురిగా నా వాటా అడగటం న్యాయమే. కానీ ఆ వాటాలో ఎవరి చెమట ఉందని అడక్కపోతే, నేను లాక్ వాక్యంలోని యజమాని పక్కన కూర్చున్నట్టే.

ఆమె దగ్గరికి వెళ్ళాను. ఇల్లు అమ్మేస్తున్నామనీ, నాకు వచ్చిన దాంట్లో కొంత ఆమెకి ఇద్దామనుకుంటున్నాననీ చెప్పాను. చెబుతున్నప్పుడే నా గొంతులో ఏదో దానకర్ణత్వం వినిపించి నాకే సిగ్గేసింది. ఆమె కాసేపు నన్ను చూసి అడిగింది. "ఇత్తే తీసుకుంతానమ్మా. నీదని ఇత్తావా, నాదని ఇత్తావా?"

నేను జవాబు చెప్పలేదు. నీదని ఇస్తే అది దయ, ఇచ్చిన చెయ్యి పైనే ఉంటుంది. నాదని ఇస్తే అది బాకీ, ఎంత అని ఆమె అడగవచ్చు. ఎన్నేళ్ళు, ఎంత తేడా కూలి, లెక్క చూపించమనవచ్చు. పుస్తకాలు మా దగ్గరే ఉన్నాయి.

విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టలేదు. అమ్మకం పత్రంలో హక్కుదారుగా నా పేరు ఉండాలనీ, అమ్మకి తొమ్మిదో వంతు కాదు, మూడో వంతు రావాలనీ, అందులో తగ్గేది మా ఇద్దరి వాటాల్లోంచి సమానంగా తగ్గాలనీ తమ్ముడికి చెప్పాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు. ఆ మాట మీద మాట్లాడుకోవటం మానేశాం, ఫోన్లు కూడా తగ్గాయి. ఇక నాన్న లెక్కల పుస్తకాలు నా బల్ల మీదున్నాయి. "ఆడాళ్ళు - 6" అన్న చోటల్లా పెన్సిల్‌తో రోజులు లెక్కపెడుతున్నాను. ఇప్పటికి రెండు సీజన్లయ్యాయి. మిగతావి కూడా పూర్తయ్యాక ఆ మొత్తం పట్టుకుని ఆమె దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకి ఏమని చెబుతానో, మిగిలిన ఐదుగురి పేర్లూ ఆమెనే అడగాలి.