దండ వేయని బొమ్మలు

విజయనగరం

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. విశాఖలో మేడ కింది వాటా అద్దెకు తీసుకుని, శాస్త్రవేత్తల వర్ణచిత్రాలకు చిన్న గ్యాలరీ తెరుస్తున్నావని చదివి సంతోషించాను. మీ అమ్మ మాత్రం ఫోనులో, "అదేదో చీరల కొట్టు పెట్టినా నాలుగు డబ్బులు కళ్ళజూసేది కదరా" అని వాపోయింది. కన్నతల్లి బెంగ అది. దాన్ని తప్పుపట్టకు.

ఫిజిక్సు పాఠాలు చెప్పినవాణ్ణి కదా, నాలుగు మంచి మాటలు రాయమన్నావు. మంచి మాటలు రిబ్బను కత్తిరించడానికి వచ్చినవాళ్ళు చెబుతారు. నేను పనికొచ్చే మాటలు రాస్తాను. కొన్ని కటువుగా ఉంటే ఏమనుకోకు.

మొదటిది. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి బొమ్మలన్నిటికీ దండలు వేసి, బొట్లు పెట్టి, అగరొత్తులు వెలిగిద్దామనుకుంటున్నానని రాశావు. వద్దు. మన ఇళ్ళల్లో గోడమీది పటానికి దండ పడిందంటే ఆ మనిషి దేవుడైనా అయ్యుండాలి, పోయిన తాతగారైనా అయ్యుండాలి. ఇద్దరినీ మనం ఎదురు ప్రశ్నించం. శాస్త్రవేత్త సంగతి వేరు. అతను చెప్పింది నిజమో కాదో పరీక్షించి చూసేవాడే అతనికి అసలైన వారసుడు. దండ వేసిన మరుక్షణం నీ గ్యాలరీ పూజగది అయిపోతుంది. వచ్చిన పిల్లలు చెప్పులు విప్పి, దండం పెట్టుకుని వెళ్ళిపోతారు. ఒక్కరూ నోరు తెరిచి ఏమీ అడగరు.

రామన్ బొమ్మ పెడుతున్నావు, పెట్టాల్సిందే. 1928లో కాంతి పరిక్షేపణం మీద ఆయన చేసిన పనికి 1930లో నోబెల్ వచ్చింది. ఆ ఫిబ్రవరి 28 పండుగే ఆయన పనికి గుర్తు. కానీ ఆ ఎదురుగోడకు కమలా సొహోనీ బొమ్మ పెట్టు. 1933లో ఆవిడ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరతానంటే, ఆడపిల్లవని సీటు ఇవ్వనన్నది డైరెక్టరుగా ఉన్న ఈ రామనే. ఆవిడ పట్టు వదల్లేదు. చివరికి ఏడాదిపాటు షరతుల మీద చేర్చుకున్నారు. ఆ తరవాత కేంబ్రిడ్జి వెళ్ళి 1939లో డాక్టరేట్ తీసుకుంది. ఇద్దరి బొమ్మలూ ఎదురెదురుగా ఉంటే రామన్ గొప్పతనం వీసమెత్తు తగ్గదు. ఎంత గొప్పవాడికైనా చూపు ఆనని చోటు ఒకటి ఉంటుందని చూసిన పిల్లలకు తెలుస్తుంది. రామన్‌ని దించేయమని అనే వాళ్ళూ వస్తారు, కమలగారి కథ ఎందుకులే అనే వాళ్ళూ వస్తారు. ఇద్దరి మాటా వినకు.

రెండోది, పోలిక. మన ఫోటో స్టూడియోల్లో ఒక అలవాటుంది. పోయినవారి ఫోటో పెద్దది చేయించడానికి ఇస్తే, అడగకుండానే రంగు తేల్చేస్తారు, ముడతలు చెరిపేస్తారు, తలమీద నాలుగు వెంట్రుకలు కూడా మొలిపిస్తారు. నీ చిత్రకారులు ఆ పని చేస్తే ఒప్పుకోకు. రామానుజన్‌ని తీసుకో. ఈరోజు లోకమంతా గీసే ఆయన ముఖం చాలావరకు ఒక్క పాస్‌పోర్టు ఫోటోలోంచి వచ్చిందే. 1919లో ఇంగ్లండు నుంచి తిరిగివచ్చే నాటిది అది. అప్పటికే జబ్బుతో నలిగిపోయి ఉన్నాడు. 1936లో ఇంగ్లండు గణితజ్ఞుడు హార్డీ అడిగితే, ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ మద్రాసులో ఆయన భార్య జానకమ్మ దగ్గర ఆ ఫోటో సంపాదించాడు. భర్తకు విగ్రహం పెట్టిస్తామని ఎవరో అన్న మాట ఎప్పటికీ నెరవేరలేదని ఆవిడ ముసలితనంలో బాధపడింది. అది తెలిసి రిచర్డ్ ఆస్కీ అనే అమెరికన్ గణితజ్ఞుడు పూనుకున్నాడు. వందమందికి పైగా గణితజ్ఞులు, శాస్త్రవేత్తలు చందాలు వేసుకున్నారు. పాల్ గ్రాన్‌లండ్ అనే శిల్పి ఆ పాస్‌పోర్టు ఫోటో చూసే కంచు విగ్రహం పోశాడు. ఆ ముఖంలోని నీరసాన్ని చెరిపేసి నిగనిగలాడే కుర్రాణ్ణి గీస్తే నువ్వు ఎవరిని చూపిస్తున్నట్టు?

ఆర్యభట్టు, సుశ్రుతుడు ఎలా ఉండేవారో చెప్పే బొమ్మ ఒక్కటీ మనకు మిగల్లేదు. గడ్డాలూ, జందేలూ, తేజస్సూ అన్నీ మన కాలపు చిత్రకారుల ఊహలే. ఇంగ్లండులో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పరిస్థితీ అంతే. రాయల్ సొసైటీలో అంత పని చేసినవాడికి ఇదీ అని తేల్చగలిగిన బొమ్మ లేదు. రీటా గ్రీర్ అనే చిత్రకారిణి ఆయన సమకాలికులు రాసిపెట్టిన వర్ణనలు చదివి గీసింది. అలాంటి బొమ్మలు నువ్వూ పెట్టుకోవచ్చు. కింద మాత్రం "ఊహాచిత్రం" అని కనబడేలా రాయి. ఆ ఒక్క మాట దాచావా, సైన్సు పేరుతో అబద్ధం అమ్మినట్టే.

మూడోది. బొమ్మలో ముఖం కంటే పని కనబడాలి. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో శాస్త్రవేత్త డొరొతీ హాడ్జ్‌కిన్ చిత్రం ఉంది, మాగీ హాంబ్లింగ్ 1985లో గీసింది. పుస్తకంలో దొరికితే తీరిగ్గా చూడు. చెదిరిన తెల్లజుట్టుతో ఒక ముసలావిడ బల్ల ముందు వంగి కూర్చుని ఉంటుంది. బల్లనిండా కాగితాలు, ముందు అణువు నమూనా. ఆవిడకు నాలుగు చేతులు. మనవాళ్ళు చూస్తే అమ్మవారనుకుంటారు. కాదు. యవ్వనంలోనే కీళ్ళవాతం పట్టి, వేళ్ళు వంకర్లు పోయినా పని ఆపని మనిషి. ఆ చేతులకు క్షణం తీరికలేదని చెప్పడానికి చిత్రకారిణి రెండింటిని నాలుగు చేసింది. ఇన్సులిన్ మొదటి ఎక్స్‌రే ఫోటోలు 1930లలో తీసిన ఆవిడ, దాని నిర్మాణం 1969 నాటికి గానీ తేల్చలేకపోయింది. మధ్యలో వేరే పనికి 1964లో నోబెల్ వచ్చింది, అయినా ఇన్సులిన్‌ను వదల్లేదు. ఇవన్నీ ఆ చేతుల్లో ఉన్నాయి. మెడలో పతకం వేసి, వెనక భూగోళం పెట్టి గీస్తే ఇందులో ఏ ఒక్కటీ తెలిసేది కాదు.

ఇంకో చిత్రం న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, 1788లో దావీద్ గీసిన లావోయిజే దంపతులు. చూడగానే గాజు పరికరాలు, రసాయన శాస్త్రం. కానీ మ్యూజియం వాళ్ళు రంగు పొరల కింద పరిశీలించి 2021లో బయటపెట్టిన సంగతి వేరు. మొదట గీసినప్పుడు ఆ పరికరాలే లేవు. ఆవిడ తలమీద పూలూ రిబ్బన్లూ ఉన్న పెద్ద టోపీ, చూస్తే డబ్బున్న జంట. ఆయన ప్రభుత్వం తరఫున పన్నులు వసూలు చేసే బృందంలో వాటాదారు కూడా. ఆ వాటా మూలానే 1794లో, ఫ్రెంచి విప్లవంలో, తల పోయింది. శాస్త్రవేత్త వేషం తరవాత వేసింది. అలాగని అది అబద్ధం కాదు, ఆయన నిజంగానే శాస్త్రవేత్త. పక్కన నిలబడ్డ భార్య మరీ ఆన్ ఆయన పుస్తకానికి పరికరాల బొమ్మలన్నీ తన చేత్తో గీసింది. నువ్వు లేబుల్ రాసేటప్పుడు ఇలా పక్కన నిలబడ్డవారి పేరు కూడా రాయి. ప్రయోగశాలలో ఒంటరిగా ఏదీ జరగదు.

ఇక మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి. ఆయన బొమ్మ కింద "తెలుగుజాతి గర్వించదగ్గ మహామేధావి" అని రాయించావట. తీసెయ్యి. ఆ మాట మనం ఎవరికైనా వాడేస్తాం, మొన్న రిటైరైన మా హెడ్మాస్టరుకూ వాడారు. దాని బదులు ఇలా రాసి చూడు: మెట్రిక్ రెండుసార్లు తప్పారు. అన్నదమ్ములిద్దరు జబ్బుతో పోయారు. 1922లో అమెరికా వెళ్ళారు, మళ్ళీ రాలేదు. భార్య ఇక్కడే ఉండిపోయింది. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందం నుంచి ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు వచ్చాయి. 1948లో 53 ఏళ్ళకే పోయారు. మన కోస్తా ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి మింగించిన బోదకాలు మాత్ర, డీఈసీ, ఆ మందే. నీ గ్యాలరీకి వచ్చే ముసలమ్మకు "మహామేధావి" ఎవరో అక్కర్లేదు. మాత్ర సంగతి చెప్పు, బొమ్మ ముందు ఆగి చూస్తుంది.

హాడ్జ్‌కిన్ పక్కనే సుబ్బారావుగారిని పెట్టమంటాను. ఈరోజు కీళ్ళవాతానికి డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆవిడ చేతులు వంకర్లు పోయేటప్పుడు ఆ మందు లేదు. పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు ఇంత కథ చెబుతుంటే పుట్టిన తేదీల వరుసలో సర్దడం దేనికి?

నాలుగోది డబ్బు. అద్దె కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, అది నాకూ తెలుసు. బొమ్మ అమ్మితే నీ వాటా ఎంతో, చిత్రకారుడి వాటా ఎంతో ముందే కాగితం మీద పెట్టు. తెలిసిన కుర్రాడే కదా అని నోటిమాటతో సరిపెట్టకు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి గీయించిన బొమ్మ మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు గీయించినవాళ్ళదే. అయినా ఇది నేను గీశానని చెప్పుకునే హక్కు మాత్రం చిత్రకారుడిదే. లేబుల్ మీద శాస్త్రవేత్త పేరు కింద అతని పేరు కూడా చదవగలిగే అక్షరాల్లో వేయించు.

రేపు ఏదో కార్పొరేట్ కాలేజీ వాళ్ళు వస్తారు. ఏడాది అద్దె కడతాం, గుమ్మం పక్కన మా ర్యాంకుల ఫ్లెక్సీ, లోపల మా చైర్మన్‌గారి నిలువెత్తు బొమ్మ పెట్టండి అంటారు. కాఫీ ఇచ్చి పంపించెయ్యి. మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడి బొమ్మ ఉన్న గదికి ర్యాంకుల ఫ్లెక్సీతో పనేమిటి?

చిన్న సంగతులు కూడా చెప్పేస్తాను. సముద్రపు ఊరు, గాలిలో తేమ ఎక్కువ. కాన్వాసు గోడకు అంటకుండా వెనక కాస్త గాలి ఆడేలా తగిలించు, వర్షాకాలంలో వెనకవైపు బూజు చూసుకో. ఎండ నేరుగా పడనివ్వకు. నీటిరంగుల బొమ్మలకు తైలవర్ణాల కంటే చాలా తక్కువ వెలుతురు చాలు. పెద్దవాళ్ళ కంటి ఎత్తులో తగిలిస్తావు కాబట్టి చిన్నపిల్లలకు ఓ రెండు స్టూళ్ళు వేయించు. బడిపిల్లలకు టికెట్టు పెట్టకు.

ఆఖరి మాట. పిల్లలు నిన్ను ప్రశ్నలు అడుగుతారు. ఇన్సులిన్ నిర్మాణం తేల్చడానికి అన్నేళ్ళెందుకు పట్టిందని, రామన్‌కి ఆడపిల్లలంటే ఎందుకు కోపమని అడుగుతారు. కొన్నిటికి నీకు జవాబు రాదు. గొప్పకోసం ఏదో ఒకటి అల్లి చెప్పకు. "నాకు తెలియదమ్మా, కనుక్కుని చెబుతాను" అను. గుమ్మం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి ఆ ప్రశ్న రాయించు. ఆ పిల్ల మళ్ళీ వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంచు. శాస్త్రవేత్తల బొమ్మలు పెట్టుకున్నవాళ్ళు తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. వాళ్ళంతా అక్కడి నుంచే మొదలుపెట్టారు.

ఆశీస్సులతో,
మామయ్య