ఫొటోలో లేని ఎర్ర దీపం

కర్ణాటకలో హాసన్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో శెట్టిహళ్లి. అక్కడ హేమావతి నది నీళ్లు తగ్గాయంటే మొండి గోడల చర్చి ఒకటి బయటపడుతుంది. 1860ల్లో ఫ్రెంచి మిషనరీలు కట్టిన జపమాల మాత గుడి అది. సున్నంలో బెల్లం, కోడిగుడ్లు కలిపి కట్టారని చెప్పుకుంటారు. పైకప్పు పోయింది, తలుపులు లేవు. కొన్ని ఆర్చీలు మాత్రం నిలబడ్డాయి. వానాకాలంలో పుట్టిలో కూర్చుని ఫొటోలు తీస్తారు. వేసవిలో నెర్రెలిచ్చిన ఒండ్రు మీద పెళ్లికి ముందు ఫొటోల కోసం జంటలు చేతులు పట్టుకుని నిలబడతాయి.

ఇప్పుడది గుడేనా?

కతోలిక చట్టం దీనికి తడుముకోకుండా జవాబిస్తుంది. 1983 ధర్మశాస్త్రంలో 1212వ సూత్రం ప్రకారం పవిత్ర స్థలం చాలావరకు కూలిపోతే దాని ప్రతిష్ఠ పోయినట్టే. కొంచెం ముందుకెళితే 1222వ సూత్రం: ఆరాధనకు పనికిరాని చర్చిని బిషప్ లౌకిక అవసరాలకు ఇవ్వొచ్చు, నీచమైన వాడకానికి మాత్రం ఇవ్వకూడదు. దేవుడు ఖాళీ చేసిన ఇల్లే అయినా మర్యాద తప్పకూడదన్నమాట. క్రీస్తు శరీరంగా కొలిచే సత్ప్రసాదం ఉన్నన్నాళ్లూ దాని పక్కన వెలిగే ఎర్ర దీపమే ఇంట్లో ఎవరో ఉన్నారనడానికి గుర్తు.

మన ఆగమాలకూ ఈ లెక్క తెలుసు. గుడి మరమ్మతుకొస్తే కళాకర్షణ చేసి మూర్తిలోని శక్తిని కలశంలోకి దించి, బాలాలయానికి తీసుకెళతారు. రాయి అక్కడే ఉంటుంది. స్వామి మాత్రం మకాం మారుస్తాడు.

శ్రీశైలం జలాశయం కింద, మునిగే గుడిని ఏం చేయాలన్న ప్రశ్నకు రెండు జవాబులు దొరికాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదీ సంగమేశ్వరాన్ని ఉన్నచోటే వదిలేశారు. అది ఏటా నెలల తరబడి మునుగుతుంది. తేలగానే బురద కడిగి, వేపచెక్క లింగానికి పూజ మొదలెడతారు. దాన్ని శిథిలమని ఎవరూ అనరు. ఎండాకాలం వచ్చేసరికి అర్చకుడు వస్తాడు కాబట్టి.

శెట్టిహళ్లి ఫొటోల కింద మాత్రం ‘కాలం’ అన్న మాట తప్పకుండా కనబడుతుంది. రంగు తీసేసి నలుపు తెలుపు చేస్తే ఇంకో వందేళ్లు ఉచితం! కానీ ఈ గుడిని పాడుపెట్టింది కాలం కాదు, 1970ల చివర్లో గొరూరు దగ్గర లేచిన ఆనకట్ట. నీళ్లు రాకముందే ఊళ్లు ఖాళీ చేయించారు. ఫ్రేములో ఆనకట్ట పడదు, వెళ్లిపోయిన ఊరూ పడదు. మనుషులు తీసుకున్న నిర్ణయం విధిలాగా, అందంగా కనబడుతుంది. కెమెరా పవిత్రతను పట్టలేకపోయిందని చింత లేదు. ఈ నిర్ణయాన్ని కప్పేయడమే ఇబ్బంది.

గోడల మీద బొగ్గుతోనో మేకుతోనో గీసిన పేర్లు. ఎవరైనా అడ్డొస్తే ఫొటో తీసేవాళ్లు “కాస్త పక్కకు జరగండి” అంటారు. అలా జరిగినవాళ్లలో ఒకప్పుడు ఆ గోడల మధ్యే జ్ఞానస్నానం పొందిన పెద్దవాళ్లు ఉండొచ్చు.