అటకమీది పెట్టె

(ధ్యానభాగము: నెహెమ్యా 5:1–13)



చీరాలకు తూర్పున, సముద్రపు ఒడ్డున, మా తాతగారి పెంకుటిల్లు కలదు. చాలకాలము తాళము వేసియుండుటచేత ఉప్పుగాలికి గోడలు పెచ్చులూడినవి. దానిని అమ్మివేయ నిశ్చయించుకొని మేము ముగ్గురు తోబుట్టువులము గత వేసవిలో అక్కడికి వెళ్లితిమి. ఇల్లు సర్దుచుండగా అటకమీది పాత ఇనుప పెట్టె కనబడెను. చిన్ననాడు దానిని ముట్టబోయినప్పుడెల్ల నాయనమ్మ మమ్మును కసరెడిది. అందులో ఏమున్నదో మా తండ్రిగారును ఎన్నడు చెప్పలేదు.

తాళము పగులగొట్టి చూచితిమి. లోపల ఇత్తడి బిందెలు, చెంబులు, కంచు గిన్నెలు ఉండెను. ప్రతిదానిమీదను ఒక పేరు చెక్కియుండెను. వాటిలో ఒక్కటియు మా యింటివారి పేరు కాదు. పరుల పాత్రలు మా యింట ఏల దాగియున్నవి? పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన చిట్టా పుస్తకము ఆ మర్మమును విప్పెను. అవి తాకట్టు లెక్కలు. 1977లో జాలరులును, పత్తి, మిరప చేలలో కూలికి పోవువారును తిండిగింజల కొరకు అప్పు తీసికొని తమ పాత్రలను కుదువపెట్టిరి. విడిపించుకొనినవారి పేర్లు కొట్టివేయబడినవి. కొట్టివేయబడని పేర్లు 14. పెట్టెలోని పాత్రలును 14.

తక్కిన సంగతి పాలెములోని ఒక వృద్ధురాలు చెప్పెను. 1977 నవంబరు 19న పెనుతుపాను చీరాల సమీపమున తీరము దాటెను. దాని ఉప్పెన దివిసీమను ముంచెను. మన రాష్ట్రమున పదివేలమందికి పైగా మరణించిరి. ఈ పాలెములో పడవలు, వలలు, గుడిసెలు పోయినవి. “గాలివాన పోయాక వండుకోటానికి గిన్నె లేదయ్యా. మా బిందె అయినా ఇమ్మని మీ తాతగారి గుమ్మంలో నిలబడ్డాం. వడ్డీ తెచ్చి పట్టుకుపొమ్మన్నారు” అని ఆమె చెప్పెను. ఆమె మాటలో కోపము లేదు. అదియే మమ్మును ఎక్కువగా పొడిచెను. మా తాతగారు సంఘపెద్ద. ఆదివారము మొదటి వరుసలో కూర్చుండెడివారు.

ఆ రాత్రి మాలో మాకు వాదము పుట్టెను. “అప్పిచ్చిరి, తాకట్టు పెట్టుకొనిరి. అందులో దొంగతనమేమున్నది? చనిపోయినవారి పేరు ఇప్పుడు చెరుపుట ఎందుకు?” అని అన్నయ్య అనెను. అక్క బిందెమీది అక్షరములను తడిమి, “ఇవియు పేర్లే కదా, అన్నయ్యా!” అనెను.

లాంతరు దగ్గర వాక్యము తెరచితిమి. తిరుగటిరాతిని తాకట్టు పట్టుట ప్రాణమును తాకట్టు పట్టుటయే యని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము బోధించుచున్నది. బీదవాని కుదువ వస్త్రమును ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఉన్నది. నెహెమ్యా దినములలో కరవుచేత ప్రజలు పొలములను, ఇండ్లను కుదువపెట్టి మొఱ్ఱపెట్టిరి. అప్పుడు నెహెమ్యా ఇతరులను మాత్రమే గద్దింపలేదు. తానును తన సహోదరులును అప్పిచ్చినవారిలో ఉన్నామని ఒప్పుకొనెను. అది చదువగానే అన్నయ్య మౌనముగా నుండెను.

మన ప్రాంతపు సంఘచరిత్రను తలంచుడి. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపి కూలి యిచ్చిరి. ఆ దినములలో బాప్తిస్మము అడిగినవారిని ఆయన ఆపియుంచిరి. కూలియిచ్చు చేతిని చూచి విశ్వాసము ఒప్పుకొనరాదని ఆయన తలంపు. కాలువపని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. అయితే ఆయన ఆకలిని బేరము చేయలేదను మాటను మరచుచున్నాము. ఆ చరిత్రను వల్లించిన మా యింటనే పొరుగువాని ఆకలి అటకమీద తాళములో నుండెను.

మరునాడు చిట్టా చేతపట్టుకొని ఇల్లిల్లు తిరిగితిమి. 10 కుటుంబములవారు దొరికిరి. వృద్ధురాలి బిందెను అన్నయ్యయే భుజమున పెట్టుకొని తీసికొనిపోయెను. ఆమె దానిని ఇసుకతో తోమి, నీళ్లు నింపి, మా దోసిళ్లలో పోసెను. క్షమించితినని ఆమె అనలేదు, మేమును అడుగలేదు. ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ములో ఆ 14 కుటుంబముల వంతు తీసియుంచితిమి. జక్కయ్య దిద్దుబాటు నాలుగంతలు; మాది ఆలస్యముగా చేసిన కొద్దిపాటి పని. తక్కిన 4 పాత్రలు నేడు పెట్టెలో లేవు. పేర్లు కనబడునట్లు మా వసారాలో ఉన్నవి.

ప్రియులారా, పెద్దలనుండి మనకు ఇండ్లు, పొలములు వచ్చినప్పుడు వారు తీర్చని ఋణములును వచ్చును. మీ పెట్టెలో ఏమున్నది? ఒక బీదవాని ప్రోనోటా? మిరపకోతల కూలి బకాయియా? పొరుగువాని గట్టు జరిపి కలుపుకొనిన సెంటు భూమియా? ఈ మాసము బల్లయొద్దకు వచ్చుటకు ముందు దానిని తెరువుడి. తెరచుటకు ధైర్యమును, తిరిగి ఇచ్చుటకు మనస్సును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.