ముందు పుస్తకం, తర్వాతే సభ

వచ్చావా నాయనా. గడపలో నిలబడకు, చలి లోపలికి కొడుతోంది. నెగడు పక్కన పీట వేశాను, కూర్చో. మంచు విడేసరికి ఎటూ తొమ్మిదవుతుంది, అంతవరకూ నీకూ పనిలేదు, నాకూ లేదు.

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్లో ఫోటో చూపించి వెళ్లావు కదా, రాత్రి చాలాసేపు అదే ఆలోచన. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో పుస్తకావిష్కరణ, రచయిత పక్కన నువ్వు, చేతిలో కొత్త పుస్తకం, మొదటి పేజీలో ఆయన సంతకం. సోమవారం పేపర్లో ‘వివిధ’ పేజీలో చిన్న అక్షరాలతో వేసే సభల కబురు చూసి, నర్సీపట్నం దిగి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకుని ఒక రచయిత మాట వినడానికి విశాఖ దాకా వెళ్లే కుర్రాడు మన లంబసింగిలో ఉన్నాడంటే నాకెంత సంతోషమో! నా ఉద్యోగమంతా ఈ కొండల బడుల్లోనే గడిచింది. పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోని పిల్లల్ని ఎంతమందిని చూశానో నాకే లెక్క తెలియదు.

కానీ ‘ఎలా ఉందిరా పుస్తకం?’ అని అడిగితే ఏమన్నావు? ‘ఇంకా తెరవలేదు మాస్టారూ, వచ్చే ఆదివారం ఇంకో సభ ఉంది’ అన్నావు. అంతకుముందు సభలో కొన్నదీ తెరవలేదట. దానికి ముందుదీ తెరవలేదట. అక్కడ నా మనసు చివుక్కుమంది.

కోప్పడటానికి పిలవలేదు. నీ మంచితనం నాకు తెలుసు. నీ తొందర చూస్తేనే భయం.

మొన్న డిసెంబరులో చెరువులవేనం దారిలో కార్లు బారులు తీరితే నువ్వే కదా విసుక్కున్నావు? ‘తెల్లవారుజామున వస్తారు, మబ్బుల ముందు నిలబడి ఫోటో దిగుతారు, పదింటికల్లా కిందకి దిగిపోతారు. మన ఊరు చూశామని చెప్పుకుంటారు గానీ ఈ చలిలో ఎవరు బతుకుతున్నారో, ఏం తిని బతుకుతున్నారో చూడరు’ అన్నావు. ఎంత సరిగ్గా అన్నావో! మన ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా కొయ్యబారిపోతాడని ఆ పేరట. ఆ పేరు వెనకున్న చలిని ఒక్క రాత్రైనా కాయకుండా ఈ ఊరు తెలుస్తుందా? తెలియదు. పుస్తకం కూడా అంతే నాయనా. అట్ట దగ్గర ఫోటో దిగి వచ్చేస్తే పుస్తకం తెలియదు. నువ్వు ఎవరిని చూసి విసుక్కున్నావో, పుస్తకాల దగ్గర నువ్వూ వాళ్లలాగే చేస్తున్నావు.

మీ అమ్మ కాఫీ పళ్లు కోస్తుంటే ఎప్పుడైనా పక్కన నిలబడి చూశావా? గుత్తిలో పదో పన్నెండో కాయలుంటే అన్నీ ఒకేసారి దూసెయ్యదు. ఎర్రబడ్డవి మాత్రం వేళ్లతో తిప్పి తీస్తుంది. మిగతావి చెట్టు మీదే ఉంచి, వారం పది రోజులకు మళ్లీ అదే చెట్టు దగ్గరకు వస్తుంది. తొందరపడి దూసేస్తే పచ్చికాయ కలుస్తుంది, రేటు పడిపోతుంది, ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఒకే చెట్టు దగ్గరకు మూడు నాలుగుసార్లు వెళ్లే ఓపిక ఆమెది. ఆ తల్లి కొడుకువి, ఒక పుస్తకం దగ్గరకు రెండోసారి వెళ్లలేవా?

నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే ఒక సభకు వెళ్లాను. పుస్తకం చదవలేదు. దాని మీద పేపర్లో వచ్చిన సమీక్ష మాత్రం చదివాను. ఆ సమీక్షలోని మాటే నా మాటలా చేసి, లేచి నిలబడి ప్రశ్న వేశాను. ఆ రచయిత చాలా నెమ్మదస్తుడు. ‘నా కథల్లో ఏ కథ చదివినప్పుడు మీకలా అనిపించింది బాబూ?’ అని అడిగాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ మనిషి ఏళ్ల తరబడి రాసిన దాన్ని నేను ఒక గంటైనా చదవకుండా ఎదుట నిలబడ్డాను. ఆ రోజు నుంచీ చదవని పుస్తకం సభకు నేను వెళ్లలేదు.

సభలకు వెళ్లొద్దని కాదు నాయనా. వెళ్లు. కానీ ముందు పుస్తకం, తర్వాతే సభ. కొత్త పుస్తకం ముందుగా దొరకదు కదా అంటావేమో. అదే రచయిత పాత పుస్తకం గ్రంథాలయంలో ఉంటుంది, అది చదివి వెళ్లు. చదువుతూ ఎక్కడ ఆగిపోయావో ఆ పేజీ నంబరు కాగితం ముక్క మీద రాసుకో. అక్కడి నుంచే ఒక్క ప్రశ్న పుడుతుంది, అది చాలు. శాలువాలు కప్పేదాకా ఉండి, ఆఖరి వక్త లేవగానే గుమ్మం వైపు చూడకు. సమీక్ష కూడా పుస్తకం అయ్యాకే చదువు. ముందే చదివితే సమీక్ష రాసినవాడి కళ్లతో చూస్తావు, నీ కళ్లతో చూడలేవు.

తొందర లేని మనుషులు మన వైపే ఉండేవారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకోవడానికి సవరలను ఇంట్లోనే పెట్టుకున్నారు, వాళ్ల కొండలకు వెళ్లారు. కొండజ్వరం పట్టుకుంటే క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. భాష చెవితోనే కదా నేర్చుకోవాలి? ఆ చెవులే పోయినా పని వదల్లేదు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర నిఘంటువు 1938లో. ఆయన పుట్టింది 1863లో, లెక్క నువ్వే కట్టుకో. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవమని చేసుకుంటాం, దండలు వేస్తాం. సవరల కోసం ఆయన పడ్డ పాటు మాత్రం ఆ దండల వెనక ఉండిపోతుంది.

కారా మాస్టారు కూడా అంతే. విశాఖలో బడిపంతులుగా పనిచేశారు, రాసినవి కొద్ది కథలే. సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 1995లో. అవార్డుల డబ్బుతో ఆయన ఏం చేశారు? ఇతరులు రాసిన కథలన్నీ ఒకచోట ఉండాలని 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తన కథలు కొన్నే, దాచింది మాత్రం వేల మంది కథలు. ఎప్పుడైనా వెళ్లు. సభ లేని రోజున వెళ్లు. పాత పత్రికల్లో ఒక్క కథైనా పూర్తిగా చదివి రా.

ఇంకో సంగతి. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు, పడవ ప్రయాణికులూ గట్టు మీది ఊళ్ల వాళ్లూ చదువుకుంటారని. అంతకుముందే, 1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి వెంకటరమణయ్య గారు దేశంలోని గ్రంథాలయాల వాళ్లందరినీ ఒకచోట చేర్చారు. మన గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి. అందరూ పడ్డ పాటు ఒక్కదానికే, పుస్తకం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లాలని. మన కొండలకు పడవ రాదు. ఇక్కడ పుస్తకం నడవాలంటే నీలాంటి వాళ్ల సంచుల్లోనే నడవాలి.

అందుకే అడుగుతున్నాను, చింతపల్లి గ్రంథాలయంలో నువ్వు తీసుకున్న ఆ కథల పుస్తకం సంగతేమిటి? నిన్న నీ సంచిలో చూశాను. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ కూడా చూశాను. ఊదారంగు సిరాతో వరసగా తేదీలున్నాయి, ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య ఒక్కోసారి ఏడాది పైగా ఎడం. అన్నింటికంటే కింద నీ తేదీ. గడువు దాటి రెండు నెలలైంది. మన మంచుకు తడిసి అంచులు అలల్లా వంగాయి, లోపలి పేజీల మీద బూజు చుక్కలు లేచాయి. ఎండ వచ్చాక గంటసేపు అరుగు మీద తెరిచి పెట్టు, గుడ్డతో తుడు.

ఈ వారమే దాన్ని చదువు. మీ అమ్మకు చదవడం రాదు, పొయ్యి దగ్గర కూర్చుని రోజూ రెండు పేజీలు చదివి వినిపించు. నీ బస్సు చార్జీ ఆవిడ కోసిన కాఫీ పళ్ల డబ్బే, ఆ డబ్బుతో నువ్వు ఎలాంటి కథల కోసం తిరుగుతున్నావో ఆవిడకూ తెలియాలి. మీ అవ్వ పక్కనే కూర్చుంటే ‘మా కథ ఇలా కాదు’ అని ఆవిడ భాషలో ఇంకోటి మొదలుపెడుతుంది. అడ్డు రాకు, ఫోన్లో పేరుకు రికార్డు చేసి వదిలెయ్యకు, విను. తర్వాత నోటు పుస్తకంలో రాసుకో. ఆ కథ ఏ సభలోనూ దొరకదు, ఆవిడ తర్వాత ఎవరూ చెప్పలేరు.

సంతలో మిరియాలు అమ్మే ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. నీ దగ్గరున్న ఆ కథల పుస్తకం కోసం గ్రంథాలయానికి రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చిందట. నిన్ననే నా దగ్గరకు వచ్చి అడిగింది. ఆదివారం సభ బస్సు ఎక్కేముందు చింతపల్లి వెళ్లి అది ఇచ్చెయ్యి నాయనా, ఆ పిల్ల ఎదురుచూస్తోంది.